మారకపు బేరంలో ఒంటి పరుగుల విలువ

2025 డిసెంబరు 3వ తేదీన నవ రాయపూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో భారత, దక్షిణాఫ్రికా జట్ల మధ్య ఒకరోజు పోటీ జరిగింది. మనవారు 5 వికెట్లకు 358 పరుగులు చేశారు. కోహ్లీ 102, రుతురాజ్ గైక్వాడ్ 105. అంత చేసి కూడా ఓడిపోయాము. మరునాటి ఉదయం రాయపూర్ స్టేషను దగ్గరి టీ కొట్టు ముందు, రాత్రి డ్యూటీ దిగిన ఆర్.ఎం.ఎస్. సార్టర్లు, వ్యాగన్ రిపేరు షాపులో ఉదయపు షిఫ్టుకు పోవలసిన ఫిట్టర్లు కలిసి ఒక ముద్దాయిని నిలబెట్టారు. ముద్దాయి రవీంద్ర జడేజా. నేరం 27 బంతులలో 24 పరుగులు.

నేను ఉద్యోగ విరమణ చేసి ఏడేండ్లయినా ఉదయం టీ మాత్రం అక్కడే తాగుతాను. కాబట్టి విచారణ మొత్తం విన్నాను. ఒకరు బంతులు వృథా చేశాడన్నారు. మరొకరు వికెట్టు నిలిపాడన్నారు. మంచు కురిసి బంతి తడిసి మన బౌలర్లకు పట్టు దొరకలేదనీ, ఓటమికి కారణం అదేననీ ఇంకొకరు వాదించారు. ఇంతలో వెనుక నుండి ఒక కుర్రవాడు, "అందుకేగా చెన్నైవాళ్ళు అతనిని ఇచ్చేసి వేరేవాడిని తెచ్చుకున్నది!" అన్నాడు. అంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ పోటీకి సరిగ్గా పద్దెనిమిది రోజుల ముందు, నవంబరు 15న, ఐ.పి.ఎల్. యజమానుల మధ్య ఒక మారకం జరిగింది. రాజస్థాన్ జట్టు సంజు సామ్సన్‌ను చెన్నైకి ఇచ్చింది. బదులుగా చెన్నై జట్టు జడేజానూ, ఇంగ్లండు ఆటగాడు సామ్ కరన్‌నూ రాజస్థాన్‌కు ఇచ్చింది. సామ్సన్ వెల 18 కోట్లు, కరన్ వెల 2 కోట్ల 40 లక్షలు. జడేజా వెల మాత్రం 18 కోట్ల నుండి 14 కోట్లకు దిగింది. చెన్నై తరఫున అతడు పన్నెండు సీజన్లు ఆడాడు. 2023 ఫైనలులో ఆఖరి రెండు బంతులకు పది పరుగులు కావలసి ఉండగా ఒక సిక్సరు, ఒక ఫోరు కొట్టి కప్పు చేతిలో పెట్టినవాడు అతడే.

పదునాలుగు కోట్ల మనిషి కోసం కన్నీరు కార్చమని రైల్వే, తపాలా ఉద్యోగులను నేను అడగను. మనలో ఎవరి జీవితకాలపు జీతం కూడబెట్టినా ఆ మొత్తానికి దరిదాపులకు రాదు. అయినా ఈ బేరంలోని పద్ధతి గమనించదగినది. ఈ జడేజాయే 2010లో, రాజస్థాన్ జట్టు ఒప్పందం కింద ఉండగా, మరొక జట్టుతో తన షరతులు తానే మాట్లాడుకోబోయినందుకు ఆ సంవత్సరం ఐ.పి.ఎల్. మొత్తానికి నిషేధానికి గురి అయినాడు. పదిహేనేండ్ల తరువాత ఇద్దరు యజమానులు అతని గురించి మాట్లాడుకొని అదే రాజస్థాన్‌కు పంపారు. ఆటగాడు తన బేరం తాను చేసుకొంటే క్రమశిక్షణారాహిత్యం, యజమానులు చేస్తే వ్యాపార నైపుణ్యం! మారకానికి ఆటగాని అంగీకారం ఉండాలని నియమావళిలో ఉన్నమాట నిజమే. కాని ఆటగాడు ఎంత కోరుకున్నా యజమాని సరే అనకపోతే కదలడానికి లేదు. ఆ అంగీకారం ఏ బలం మీద నిలబడాలి? వెనుక సంఘం లేదు. 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం ఆట మానినవారికి మాత్రమే. బరిలో ఉన్నవానికి అందులో చోటు లేదు.

ఇక నిలకడ ఆటగాని విలువ మాట. దీనిపై ఉద్రేకంతో మాట్లాడేవారే ఎక్కువ, లెక్క చూసేవారు తక్కువ. ఇరవై ఓవర్ల ఆటలో ఉన్నవి 120 బంతులు, పది వికెట్లు. పన్నెండు బంతులకు ఒక వికెట్టు పోగొట్టుకొన్నా ఇన్నింగ్సు చివరిదాకా సాగుతుంది. కాబట్టి అక్కడ వికెట్టు చౌక, బంతి ప్రియం. యాభై ఓవర్ల ఆటలో ముప్పై బంతులకు ఒక వికెట్టు. అయిదు రోజుల ఆటలో బంతులకు కరవు లేదు, వికెట్టే ప్రాణం. అదే మనిషి, అదే ఒంటి పరుగు, మూడు చోట్ల మూడు ధరలు పలుకుతుంది. ఈ లెక్కన చూస్తే టీ కొట్టు వారి అభియోగంలో నిజం లేకపోలేదు. చేతిలో అయిదు వికెట్లు మిగిలి ఉండగా ఇన్నింగ్సు ముగియడం, బస్తాలో ఉత్తరాలు ఉండగానే బండి వదిలివేయడం వంటిదే. జడేజా ఆనాడు ఇంకొంచెం తెగించవలసింది. నిలకడను సమర్థించేవాడు ఈ మాట ఒప్పుకోక తప్పదు.

కాని యజమానులు చేస్తున్నదేమిటి? చౌక వికెట్టు ఆటలో కట్టిన ధరను మనిషి మొత్తానికి అంటిస్తున్నారు. 2021 జనవరి 11న సిడ్నీలో ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి. చేతేశ్వర్ పుజారా 205 బంతులాడి 77 చేశాడు. అతని తరువాత మన తెలుగువాడు హనుమ విహారి, తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో, 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలిచాడు. అశ్విన్ 128 బంతులకు 39. వారిద్దరు కలిసి నలభై ఓవర్లకు పైగా కాచి ఆటను కాపాడారు. ఆ 23కు వెల ఎంత? అదే సంవత్సరం వేలంలో పుజారాను 50 లక్షలకు కొన్న చెన్నై జట్టు అతనిని ఒక్క ఆటలోనైనా దించలేదు. 103 టెస్టులలో 7,195 పరుగులు చేసి 2025 ఆగస్టులో అతడు విరమించాడు. విహారి సంగతి సరేసరి. 2023లో ఇందోరులో మధ్యప్రదేశ్‌పై రంజీ క్వార్టర్ ఫైనలు ఆడుతూ మణికట్టు విరిగితే, కుడిచేతివాటం మనిషి ఎడమచేతివాటంగా నిలబడి ఆంధ్ర కోసం బ్యాటింగు చేశాడు. హైదరాబాదు నుండి ఆంధ్రకు, ఆంధ్ర నుండి హైదరాబాదుకు, తిరిగి ఆంధ్రకు, చివరకు 2025లో త్రిపురకు చేరిన అతని ప్రయాణం చూస్తే మన గార్డుల రన్నింగు డ్యూటీ చీటీ జ్ఞాపకం వస్తుంది.

రాష్ట్ర జట్ల మధ్య మారకం లేదు, నిరభ్యంతర పత్రం ఉన్నది. పాత సంఘం ఆ కాగితం ఇస్తేనే ఆటగాడు కొత్త రాష్ట్రానికి పోగలడు. అక్కడ బయటివారికి మూడే స్థానాలు. 2016లో మన ఛత్తీస్‌గఢ్‌కు మొదటిసారి రంజీ ప్రవేశం దొరికినప్పుడు నాయకునిగా వచ్చిన మహమ్మద్ కైఫ్ ఆ విధంగానే వచ్చాడు. ఉత్తరప్రదేశ్ వదిలి, మధ్యలో ఆంధ్రకు ఆడి, రాయపూర్ చేరాడు. కొత్త జట్టుకు అనుభవజ్ఞుడు అవసరమే. అంతకుముందు ఇక్కడి కుర్రవాడు ఆడదలిస్తే మధ్యప్రదేశ్ తలుపు తట్టవలసిందే. భిలాయికి చెందిన రాజేశ్ చౌహాన్ 21 టెస్టులాడినా ఆ రాష్ట్రపు ఆటగాడుగానే లెక్కకు వచ్చాడు. హర్‌ప్రీత్ సింగ్ అక్కడ ఆడి తరువాత ఇక్కడికి వచ్చాడు.

ఈ మొత్తం సంతలో వేరుగా నిలిచిన జట్టు మనది, రైల్వే జట్టు. అందులో ఆడేవాడు ముందు రైల్వే ఉద్యోగి కావలసిందే. అతిథి ఆటగాడనే మాట అక్కడ చెల్లదు. పెద్ద పేర్లు లేకుండానే ఆ జట్టు 2001-02లోనూ, 2004-05లోనూ రంజీ ట్రోఫీ గెలిచింది. కాచుకొని, అరిగించి, ఒక్కొక్క పరుగు కూడబెట్టే ఆట వారిది. చూసేవారికి విసుగు పుట్టించినమాట వాస్తవమే. స్టేడియాలు వారికోసం నిండలేదు.

ఆటగాళ్ళ మారకం అనే ఆచారం పుట్టి పెరిగిన చోటు అమెరికా, ఆ ఆట బేస్‌బాల్. మన ఐ.పి.ఎల్. యజమానులు 2009లో జహీర్ ఖాన్‌నూ, రాబిన్ ఉతప్పనూ బెంగుళూరు, ముంబయిల మధ్య ఇచ్చిపుచ్చుకొన్ననాటికి అక్కడ అది తాతల నాటి అలవాటు. అక్కడ కూడా ఇదే వాదం నడుస్తున్నది. బంతి తప్పిపోనివ్వక బ్యాటుకు తగిలించి, ఖాళీ చోటు చూసి మొదటి మజిలీ చేరుకొనేవాడు మేలా? పదిసార్లు తప్పినా ఒకసారి ప్రేక్షకులలోకి కొట్టేవాడు మేలా? లూయిస్ అరాయెజ్ అనే వెనిజువెలా ఆటగాడు మొదటి రకం. 2022లో మిన్నెసోటా తరఫున అత్యుత్తమ బ్యాటింగు సగటు సాధించాడు. మరుసటి జనవరిలోనే అతనిని మయామీకి ఇచ్చి పాబ్లో లోపెజ్ అనే బౌలరునూ మరి ఇద్దరు యువకులనూ తీసుకొన్నారు. 2023లో మయామీ తరఫున మళ్ళీ అగ్రస్థానం. 2024 మే నెలలో మయామీ అతనిని శాన్‌డియేగోకు ఇచ్చింది. ఆ ఏడు కూడా అగ్రస్థానం అతనిదే. వరుసగా మూడేండ్లు, మూడు జట్లు, మూడు కిరీటాలు. 2024లో 672 సార్లు బ్యాటింగుకు దిగి 29 సార్లు మాత్రమే బంతి అందక అవుటయినాడు. అయినా, కాళ్ళు మందమనీ, దూరం కొట్టలేడనీ, ఫీల్డింగు అంతంతమాత్రమనీ లెక్కలు తీస్తూనే ఉన్నారు. ఆ లెక్కలు అబద్ధాలు కావు. లోపెజ్ కూడా మిన్నెసోటాకు బాగా ఉపయోగపడ్డాడు. మొదటి మారకంలో ఉభయులూ నష్టపోలేదు. లోపం బేరంలో లేదు, బేరం బల్లకు ఇవతల నిలబడినవాని నోటికి వేసిన తాళంలో ఉన్నది.

ఆ తాళం మొదట కదిలించినవాడు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ జట్టుకు పన్నెండు సీజన్లు ఆడిన నల్లజాతివాడు. అతడూ బంతిని తగిలించే రకమే, సగటున వెయ్యి అవకాశాలకు 293 హిట్లు. 1969 అక్టోబరులో అతనిని ఫిలడెల్ఫియాకు మారకం వేశారు. అతడు పోనన్నాడు. పన్నెండేండ్లు సేవచేసిన తనను సరుకువలె అమ్మి కొనడం తగదని ఆ డిసెంబరులో కమిషనరుకు లేఖ వ్రాసి, కోర్టుకు వెళ్ళాడు. అతని వెనుక నిలబడినది ఆటగాళ్ళ సంఘం. ఆ సంఘాన్ని 1966 నుండి నడిపించినవాడు మార్విన్ మిల్లర్, అంతకుముందు ఉక్కు కార్మికుల యూనియనులో ఆర్థికవేత్త. 1968లో ఆ సంఘం మొట్టమొదటి సామూహిక ఒప్పందం సాధించి కనీస వేతనాన్ని 6,000 డాలర్ల నుండి 10,000కు పెంచింది. అదే సంవత్సరం సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనవారు ఒకరోజు సమ్మె చేసి సస్పెన్షన్లు, అరెస్టులు చవిచూసిన సంగతి మన సంఘాలలోని వృద్ధులకు చెప్పనక్కరలేదు.

1972లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అతని ఆట జీవితం అప్పటికే ముగిసిపోయింది. అతడు తెచ్చిపెట్టిన కదలిక మాత్రం ముగియలేదు. 1973 ఒప్పందంలో ఒక షరతు చేరింది. పదేండ్లు ఆడి, చివరి అయిదేండ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగానిని అతని సమ్మతి లేకుండా మార్చరాదు. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇచ్చిన తీర్పుతో, ఒప్పందం ముగిసినా యజమాని పట్టు వదలని పాత పద్ధతి కూలింది.

ఆ షరతు ఎవరికి పనికివచ్చిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. పాఠకులలో రైల్వేవారు ఉన్నారు గనుక మరీ సరదాగా చెబుతున్నాను. రాడ్ కారూ 1945లో పనామాలో నడుస్తున్న రైలులో పుట్టాడు. కాన్పు చేసిన డాక్టరు పేరే బిడ్డకు పెట్టుకున్నారు. పెద్దవాడై ఏడుసార్లు బ్యాటింగు సగటులో మొదటివాడైనాడు. అతనిదీ తగులు బ్యాటింగే, బాదుడు కాదు. మిన్నెసోటాలో పన్నెండు సీజన్ల తరువాత అతనిని మార్చదలచినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కోకు పోనని చెప్పే హక్కు అతనికి ఉన్నది. చెప్పాడు. 1979 ఫిబ్రవరిలో తనకు సమ్మతమైన కాలిఫోర్నియా ఏంజిల్స్‌కు వెళ్ళాడు. బాదేవానికి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది, షరతు లేకపోయినా బతుకుతాడు. నిలకడగా ఏండ్ల తరబడి ఒకేచోట పని చేసేవానికే ఆ షరతు అవసరం.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. మనకూ మారకం ఉన్నది, దానిని మ్యూచువల్ అంటాము. ఒకే హోదాలో ఉన్న ఇద్దరు ఉద్యోగులు ఒకరి చోటికి ఒకరు పోవడానికి ఒప్పుకొని సంతకాలు పెడతారు. రైల్వేలో ఆ ఇద్దరిలో ఎవరి సీనియారిటీ తక్కువో అదే వచ్చినవానికి దక్కుతుంది. జత దొరకక ఒంటరిగా సొంత కోరికపై పోతే అందరికన్న అడుగున చేరవలసిందే. తపాలాలో రూల్ 38 కింద పోయినవాని గతి కూడా ఇంతే. నష్టం ఉన్నది, కాని బేరం చేసుకొన్నవాడు కార్మికుడే. సంతకం అతనిది.

మా కాలనీ జట్టులో నాతోపాటు ఇన్నింగ్సు మొదలుపెట్టే మిత్రుడొకడుండేవాడు. విజయనగరం ప్రాంతంవాడు, ఫిట్టరు. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం లైను వెంబడి వచ్చిన కుటుంబాలలో మా ఇద్దరివీ ఉన్నాయి. పేరెందుకు గాని, ఆట మాత్రం అచ్చం నేను పైన వర్ణించిన రకం. బంతి ఎక్కడ పడినా తగిలించి అవతలి ఎండుకు చేరేవాడు. చప్పట్లు ఎవరూ కొట్టేవారు కాదు. ఒక ఏడు మేము అతనిని తప్పించి పొరుగు జట్టు నుండి ఒక బాదేవానిని తెచ్చుకొన్నాము. ఆ బేరం కుదిర్చినవారిలో నేనొకడిని. మిత్రునికి ముందుగా చెప్పాలని కూడా మాకు తోచలేదు. జట్టు జాబితా అంటించిన తరువాత చదువుకొన్నాడు. కొత్తవాడు మొదటి ఆటలో బ్రహ్మాండంగా కొట్టాడు, తరువాతి రెండింటిలో మేము మధ్యాహ్న భోజనానికి ముందే ఆలౌటు. నాలుగో ఆటకు మిత్రుని ఇంటికి వెళ్ళి పిలిచాము. ప్యాడ్లు ఎక్కడున్నాయని అడిగాడు, అంతే.

అతడు తల్లి దగ్గరికి పోవడానికి విశాఖ వైపు మ్యూచువల్ జత వెతికి సంపాదించాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. కాగితం ఒక ఆఫీసు నుండి మరొక ఆఫీసుకు కదలకముందే 2003 ఏప్రిల్ వచ్చింది. జోన్లు విడిపోయాయి. అంతవరకు ఆగ్నేయ రైల్వేలోనే ఉన్న వాల్తేరు తూర్పు తీరానికీ, రాయపూర్ బిలాస్‌పూర్ కేంద్రంగా ఏర్పడిన కొత్త జోనుకూ పోయాయి. దరఖాస్తు మళ్ళీ మొదటినుండి. 2006లో అతడు విజయనగరం చేరేసరికి తల్లి పోయి రెండేండ్లయింది.

అందుచేత ఆటలో నేను కోరేది పెద్దదేమీ కాదు. ఐ.పి.ఎల్. ఆటగాళ్ళకు, రాష్ట్ర జట్లలో రోజువారీ ఫీజుకు ఆడేవారికి, ఆడుతున్నవారి సంఘం ఒకటి కావాలి. పదేండ్లు ఆడినవానిని అతని మాట లేకుండా కదల్చరాదనే షరతు వ్రాతలో కావాలి. నిరభ్యంతర పత్రానికి గడువు కావాలి. మన మ్యూచువల్ దరఖాస్తులకు కూడా ఆ చివరి మాట వర్తింపజేయవలసిందని మన సంఘాల నాయకులను కోరుతున్నాను. ఇన్ని రోజులలో తేల్చకపోతే అంగీకరించినట్లే అని నియమం రావాలి.

డిసెంబరు పోటీ తరువాత ఆ మిత్రుడు విజయనగరం నుండి ఫోను చేశాడు. టీ కొట్టు విచారణ సంగతి చెప్పాను.

"గురూ, అవతలి ఎండులో ఎవరున్నారు?" అన్నాడు.

"రాహుల్. 43 బంతుల్లో 66."

"మరి రాహుల్‌కు స్ట్రయికు ఎవరిచ్చారు?"

చేతిలో అయిదు వికెట్లు మిగిలాయి కదా అన్నాను. అతడు ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించుకొన్నాము. చివరకు అతని కుమారుని సంగతి అడిగాను. తపాలా శాఖలో ఉన్నాడు, రూల్ 38 కింద దరఖాస్తు పెట్టుకొని రెండేండ్లు దాటింది. ఇంకా ఏ కబురూ లేదన్నాడు.